నాగలి ఎత్తని ఊరు

తెల్లవారేసరికి రాంతా గోడమీద ఉంటుంది. గిలకకి ఆలివ్ నూనె పట్టించి, మోకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేతుల్లో జారనిచ్చి చూసుకుని, "ఊఁ, రండి" అంటుంది. అప్పటికే జనం మెట్లమీద బారులు తీరి, ఆవలిస్తూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఉంటారు. మేకలు కాసేవాళ్ళు, ద్రాక్షతోటల్లో పనికి వెళ్ళేవాళ్ళు, అత్తవారింట్లో అలిగి పుట్టింటికి పోయేవాళ్ళు, పుట్టింట్లో విసిగి అత్తవారింటికి పోయేవాళ్ళు, అందరూ ఆమె గంపలోనే కిందికి దిగాలి. సాయంత్రం మళ్ళీ ఆ గంపలోనే పైకి రావాలి. మా ఔసెన్నాకి ద్వారం లేదు మరి.

ఎందుకు లేదంటే, అది మా మూలపురుషుడి నోటి చలవ. ఊరు కట్టాలంటే కంచు నాగలికి లోపలివైపు ఆవునీ బయటివైపు ఎద్దునీ కట్టి చుట్టూ చాలు తియ్యాలి. ఆ చాలుమీద లేచిన గోడ పవిత్రం. దాన్ని పగలగొట్టినవాడు బతకడానికి వీల్లేదు. మనుషులు తిరగాలి కనుక, ద్వారం కావలసిన చోట నాగలి పైకెత్తి, కొంచెం దూరం మోసుకెళ్ళి మళ్ళీ దింపుతారు. కర్రు తగలని ఆ కాస్త నేలనీ ఎవరైనా తొక్కవచ్చు. అది లోపలా కాదు, బయటా కాదు. ఇదంతా మా మూలపురుషుడికి తెలియక కాదు. కానీ సరిగ్గా ఆ పొద్దునే లోయకి అవతలి కొండమీద ఆయన బావమరిది పెర్విలా నగరానికి చాలు తీస్తున్నాడు. ఇద్దరికీ పడదు. మావాడు నాగలి వెనక నడుస్తూ, మెడ అటు తిప్పి, బావమరిది ముక్కు గురించీ అత్తగారి వంట గురించీ లోయ మారుమోగేలా అరుస్తూ అరుస్తూ చుట్టంతా తిరిగి వచ్చేశాడు. చాలు మొదలూ చివరా కలిసిపోయాక గాని, నాగలి ఎక్కడా ఎత్తలేదని ఆయనకి గుర్తు రాలేదు.

అది చూసి అవతల బావమరిది పడీపడీ నవ్వాడు. నవ్విన ప్రతిసారీ అతని చేతిలో నాగలి ఎగిరిపడింది. అది ఎగిరిన చోటల్లా ఒక ద్వారం వచ్చింది. అందుకని పెర్విలాలో గోడకంటే ద్వారాలే ఎక్కువ. గాలి అటు దూరి ఇటు పోతుంది, ఊళ్ళో మేకలకీ అడవి మేకలకీ తేడా తెలియదు. వాళ్ళు మమ్మల్ని "గంపలో కోళ్ళు" అంటారు. మేం వాళ్ళని "జల్లెడగాళ్ళు" అంటాం. మూలపురుషులు పోయి ఎన్ని తరాలైందో గాని, తిట్లు మాత్రం ఏ రోజుకారోజు తాజాగానే ఉంటాయి.

ఇక గంప సంగతి. మా కొండల్లో ఇష్టపడి వెళ్ళేవాడు తేలిక, ఇష్టం లేక వెళ్ళేవాడు బరువు. నేలమీద నడిచేటప్పుడు ఎలాగో కప్పిపుచ్చుకోవచ్చు గాని గంపలో కూర్చున్నాక దాపరికం సాగదు. పెళ్ళి కుదిరిన కుర్రాడు దిగాలంటే ఒళ్ళో రాళ్ళు పెట్టాలి, లేకపోతే గంప గాల్లోనే ఊగుతూ ఉండిపోతుంది. అందుకే రాంతా పక్కన ఎప్పుడూ ఒక రాళ్ళకుప్ప ఉంటుంది.

"ఏరా, ఇన్ని పెట్టినా దిగట్లేదు. పిల్ల ఇవాళ తోటకే వస్తోందన్నమాట" అంటుందామె. బారులో వాళ్ళంతా నవ్వుతారు. కుర్రాడు ఎర్రబడి ఇంకా పైకి లేస్తాడు.

నగరపెద్ద వెల్తూర్‌ని కూడా గంపలో ఉన్నంతసేపూ ఆమె "నువ్వు" అనే అంటుంది. "ప్రాణం నా చేతిలో పెట్టి గౌరవాలు అడుగుతావేం? నేలమీద దిగాక అంటాలే, మీరూ గారూ" అంటుంది. నలభై దాటిన మనిషి, రోకళ్ళలాంటి చేతులు, ఎదుటివాడు మాట పూర్తి చేసేలోపు జవాబు చెప్పే నోరు. ఊరందరినీ దింపి ఎక్కించే రాంతా తాను మాత్రం ఎన్నడూ దిగి ఎరగదు. దిగాలంటే మోకు పట్టేవాళ్ళు కావాలి కదా. వాళ్ళమ్మ ఒకసారి మోకు వేరొకడి చేతికిచ్చి ముచ్చటపడి దిగింది. సగం దారిలో వాడికి తుమ్ము వచ్చింది. ఆనాటినుంచి అమ్మకి కుంటికాలు మిగిలింది, రాంతాకి గిలక మిగిలింది.

లోయలో అంజూర తోపు ఉంది. గోడమీదనుంచి దాని ఆకుపచ్చ మాత్రమే కనిపిస్తుంది. పళ్ళు ఆమెకి అందరూ తెచ్చిపెడతారు, పాపం, మరిచిపోరు. కానీ గంప అడుగున పడి వచ్చే పళ్ళు చేతికొచ్చేసరికి చితికి ముద్దయి ఉంటాయి. చెట్టునుంచి కోసిన పండు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఆ మాట ఎవరితోనూ అనదు, అంటే ఊరందరూ జాలిపడతారని భయం.

రెండు ఊళ్ళకీ తగువు ఆ తోపు గురించే. పళ్ళు ముదిరే కాలానికి ఇటునుంచి కర్రలు దిగుతాయి, అటునుంచి కర్రలు వస్తాయి. మామూలుగా పళ్ళు రాలేవి, పన్నూ రాలేది, అంతటితో పోయేది. ఒక ఏడాది మాత్రం చెరొక కుర్రాడు పోయాడు. ఇద్దరికీ ఒకేరోజు చితులు పేర్చారు. ఈ కొండమీద పొగ ఆ కొండవాళ్ళకీ, ఆ కొండమీద పొగ మాకూ కనిపించింది. ఆ రోజు ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆ మర్నాడే రాజీ మాటలు మొదలయ్యాయి.

తోపు ఇద్దరిదీ. హామీగా ఒక్కో ఊరి నగరపెద్ద తోబుట్టువు అవతలి ఊళ్ళో ఏడాదిపాటు ఉండాలి. మళ్ళీ పళ్ళు ముదిరిన రోజు పొద్దు కుంకేలోపు ఎవరి మనిషిని వాళ్ళకి అప్పగించాలి, లేదంటే రాజీ చెల్లదు. ఇంకొక షరతు కూడా పెట్టుకున్నారు. ఇచ్చే మనిషి ఇల్లు వదల్లేక వదిలేవాడై ఉండాలి. పనికిమాలినవాణ్ణి ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. దానికి రుజువు గంపే. అందులో బరువు తూగాలి.

మావైపు నుంచి వెల్తూర్ అక్కగారు లార్తియా వెళ్ళింది. నిండైన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో అన్నీ మెట్లే కదా, అడుగు వేస్తే మూలుగు. పెర్విలాలో అంతా చదును నేల అని ఎవరో చెప్పగా విని పెట్టుకుంది. గంపలో కూర్చుని శాలువా సర్దుకుంది. గంప కదల్లేదు. ఆమె కింద చెట్లకేసి చూసి ముసిముసిగా నవ్వుతోంది.

"లార్తియక్కా, కాస్త ఏడు" అంది రాంతా గొంతు తగ్గించి, శాలువా కిందికి రాళ్ళు తోస్తూ.

"గట్టిగా ఏడవనా?"

"కిందివాళ్ళకి వినపడేలా ఏడు."

లార్తియా సొంత మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వెల్తూర్ చలించిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

కింద ఆమె దిగగానే పెర్విలా మనిషి గంపలో కూర్చున్నాడు. వాళ్ళ నగరపెద్ద కైలే తమ్ముడు, పేరు సెత్రే. పొడవూ వెడల్పూ బాగా ఉన్నవాడు, గంపలో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. రాంతా చేతుల్లో ఉమ్మేసుకుని, కాలు తన్నిపెట్టి, ఒక్క లాగు లాగింది. నీళ్ళు తొణికిపోయిన చేదలా గంప రివ్వున లేచింది. ఆమె వెనక్కి పడబోయి నిలదొక్కుకుంది. చుట్టూ చూసింది. వెల్తూర్ చెవి ఒగ్గి, గిలక ఎంత కిర్రుమంటుందో వినడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన వెనక ఊరుంది.

ఆమె వెంటనే మోకుమీదికి ఒరిగిపోయి, "అమ్మో! అమ్మో! ఏం బరువురా నాయనా! నడుం విరిగిపోతోంది!" అని మొదలుపెట్టింది. పళ్ళు కొరికింది, రొప్పింది. మధ్యలో ఆగి, ఇంక నావల్ల కాదన్నట్టు ఆకాశంలోకి చూసింది.

"ఏడుస్తున్నాడా?" అని అడిగాడు వెల్తూర్ ఆశగా.

"లోపల్లోపల కుమిలిపోతున్నాడు."

గంప గోడ అంచుకి వచ్చింది. సెత్రే మొహం తిరునాళ్ళకి వచ్చిన పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"నవ్వావంటే తోసేస్తా. మొహం దించు" అంది రాంతా పెదవి కదపకుండా. అతను తల దించాడు. ఊరంతా సంతృప్తిగా నిట్టూర్చింది.

ఆమె ఎందుకలా చేసిందంటే, మొదటిది, రాజీ విరిగితే మళ్ళీ చితి పేర్చాలి. రెండోది తనకి తానే ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళుగా గంప లాగుతోంది గాని, మా ఊరికి అంత తేలిగ్గా వచ్చిన మనిషి ఇంకొకడు లేడు. మా ఊరివాళ్ళమే సాయంత్రం ఇంటికి అంత తేలిగ్గా రాం.

నాలుగు రోజులు పోయాక సెత్రే మెట్లెక్కి వచ్చాడు. చేతిలో గుడ్డకింద పొగలు కక్కుతున్న రొట్టె.

"ఆ రోజు మీరు అంత మూలిగారు. నేను నిజంగా అంత బరువున్నానా?"

"నీ పరువు కాపాడాను. ఉల్లిపొరలా వచ్చావు. ఇంతకీ ఇల్లు వదిలినవాడివి అంత సంబరమేమిటి?"

అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "నాకు రొట్టె కాల్చడం తప్ప ఏమీ రాదు. మా ఊళ్ళో పిండి పొంగాలంటే గాలి ఊరుకోవాలి. గాలి ఊరుకున్న రోజు మేకలు ఊరుకోవు. మా అన్నయ్య ఇంటికి పొద్దస్తమానం జనం, ఎవరు లోపలికొచ్చారో ఎవరు బయటికెళ్ళారో తెలియదు. నేనుండీ లేనట్టే. మీ ఊళ్ళో గోడ ఉంది చూడండి, గాలి రాదు. పిండి రాత్రి కలిపి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి వచ్చేసింది. చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి."

రాంతా రొట్టె విరిచింది. పైన పెళపెళలాడుతూ, లోపల మెత్తగా, ఆవిరి వస్తూ ఉంది. మా ఊళ్ళో అంతవరకూ రొట్టె అంటే గారపెంకు. ఆమె నమిలి, ఇంకో ముక్క విరిచి, "పరవాలేదు" అంది. అప్పటినుంచి అతను రోజూ మధ్యాహ్నం రొట్టె తెచ్చేవాడు. "మీరు" అనడం రెండో రొట్టెకో మూడో రొట్టెకో మానేశాడు.

కూర్చుంటే తోపు కబుర్లే. చెట్టుమీద పండు ఎండకి వేడెక్కి ఉంటుందనీ, తెంపితే తొడిమ దగ్గర పాలచుక్క వస్తుందనీ, తేనెటీగ తినిపోయిన పండే అన్నిట్లోకీ తీపనీ చెప్పేవాడు. "చెప్పింది చాల్లే, కోతలు" అనేది రాంతా. మర్నాడు మళ్ళీ తనే, "తేనెటీగ కుట్టదా?" అని ఎత్తుకునేది.

"నువ్వు దిగు, నేను మోకు పట్టుకుంటాను" అన్నాడు ఒకరోజు.

"నీకు తుమ్ము వస్తే?"

"నేను తుమ్మను."

"వాడూ అలాగే అన్నాట్ట."

మర్నాటినుంచి అతను పిండి జల్లెడ పట్టేటప్పుడు ముక్కు గిలిగింతలు పెట్టినా తుమ్ము ఆపుకోవడం నేర్చుకుంటున్నాడని పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. రాంతా విని నవ్వింది. ఆ రాత్రి ఆ సంగతే తలుచుకుంటూ చాలాసేపు మేలుకునే ఉంది.

ఏడాది ఎలా గడిచిందో తెలియదు. సెత్రే రొట్టె తిని ఊళ్ళో పళ్ళులేని ముసలాళ్ళు మళ్ళీ గొడవలు పడసాగారు. వెల్తూర్‌కి పొట్ట వచ్చింది. పెర్విలానుంచి కబుర్లు వచ్చేవి. లార్తియా అక్కడ ఒక ద్వారంలోంచి వెళ్ళి ఇంకో ద్వారంలోంచి వస్తూ, దారిలో ప్రతి ఇంట్లో కూర్చుని, ఎవరి పిల్లని ఎవరికి ఇవ్వాలో చెబుతోందట. మోకాళ్ళ నొప్పులు తగ్గాయట.

తోపు రంగు మారడం మొదట రాంతాయే చూసింది, గోడమీద ఉండేది ఆమె కదా. ఆ రోజు సెత్రే తెచ్చిన రొట్టె ముట్టుకోలేదు.

"ఏం, మాడిందా?"

"లేదు. ఇంక అలవాటు మానుకోవాలి."

అతను రొట్టె చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. "పోక తప్పదు రాంతా. నేను పోకపోతే మళ్ళీ కర్రలు పడతారు."

"తెలుసు. నిన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. నా పని దింపడం. దింపుతాను" అని ఆమె గిలకకి నూనె రాయడం మొదలుపెట్టింది. పొద్దున్నే రాసిన నూనె అందులో ఇంకా ఆరలేదు.

అప్పగింతల రోజు కైలే తన మనుషులతో గోడకిందికి వచ్చి నిలబడ్డాడు. కర్రలు తెచ్చారు గాని భుజాన వేసుకోలేదు, నేలమీద ఆన్చి పట్టుకున్నారు. మావాళ్ళూ మెట్లమీద అలాగే నిలబడ్డారు. గాడిదబండిలో లార్తియా మొహం మాడ్చుకుని కూర్చుంది. ముందు సెత్రే దిగాలి, తరవాత ఆమె ఎక్కాలి.

సెత్రే గంపలో కూర్చున్నాడు. గంప గోడమీద ఉండగానే అల్లిక కిర్రుమంది. నలుగురు పట్టి దాన్ని అంచు దాటించారు. గిలక ఉన్న దూలం ఒంగింది. రాంతా అరచేతుల్లో మోకు నిప్పులా జారింది. ఆమె కాళ్ళు తన్నిపెట్టి ఎలాగో ఆపి, "నిలవట్లేదు! మనుషుల్ని రమ్మనండి!" అని అరిచింది.

"వచ్చేటప్పుడూ ఇంతే కదా మూలిగావు. దింపు, దింపు. పొద్దు పోతోంది" అన్నాడు వెల్తూర్.

"అప్పుడు అబద్ధం మూలిగాను! ఇప్పుడిది నిజం!"

రాంతా మోకు వదలకుండానే, మొహం ఎర్రబడి, ఉన్నదంతా చెప్పేసింది. "అతను వచ్చినప్పుడు ఈకలా వచ్చాడు. మీ అక్కా ఈకలాగే దిగింది, శాలువా కింద రాళ్ళు పెట్టింది నేనే. తిట్టాలంటే తరవాత తిట్టండి. ముందు పట్టుకోండి, మనిషి పడిపోతాడు!"

తిట్టడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. ఊరంతా వచ్చి మోకు పట్టుకుంది. వెల్తూర్ కూడా పొట్టకి చుట్టుకుని పట్టుకున్నాడు. లాభం లేకపోయింది. గంపలోంచి సెత్రే, "నేను దిగాలనే అనుకుంటున్నాను! ఒట్టు! దిగాలనే గట్టిగా అనుకుంటున్నాను!" అని బతిమాలుకుంటున్నాడు. అతను అలా అనుకునేకొద్దీ బరువు పెరిగింది.

అప్పుడు గోడ కూర్చుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కూర్చున్నట్టు నెమ్మదిగా, కాస్త మూలుగుతూ, దూలం కింది రాళ్ళు ఒకటొకటే పక్కకి ఒరిగి కుదురుకున్నాయి. దూలం దిగింది, దాంతో గంప దిగింది. మోకు పట్టుకున్నవాళ్ళంతా ఒకరిమీద ఒకరు పడ్డారు. పిండిలాంటి తెల్ల దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే, గోడలో బండి పట్టేంత ఖాళీ ఉంది. సరిగ్గా దాని నడుమ, ఒకప్పుడు గోడ ఉన్న గీతమీద, సెత్రే గంపలో కూర్చుని దగ్గుతున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక కోడి మాత్రం చాలా కోప్పడింది.

గోడ పగలగొట్టినవాడు బతకడానికి వీల్లేదు. ఆ సంగతి అవతలివాళ్ళకీ తెలుసు, ఇవతలివాళ్ళకీ తెలుసు. వెల్తూర్ పడ్డచోటునుంచి లేచి దుమ్ము దులుపుకున్నాడు. రొట్టె తిన్న కృతజ్ఞత ఒకవైపు, మూలపురుషుడి ధర్మం ఇంకొకవైపు. రాంతా కూలిన గోడ అంచున, కాలిపోయిన అరచేతులతో నిలబడి ఉంది. సెత్రే తేలికని దాచిపెట్టింది తనే, ఇప్పుడతని ప్రాణం మీదికి తెచ్చింది కూడా తనేననుకుంది.

గాడిదబండి కిర్రుమంది. లార్తియా దిగి, శాలువా పైకి పట్టుకుని, ఆ ఖాళీలోంచి లోపలికి నడిచి వచ్చేసింది. సెత్రే పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళి తమ్ముడి ఎదుట నిలబడింది.

"ఏమిట్రా అలా దిగాలుగా ఉన్నావు? ఊరికి ద్వారం వస్తే?"

"ద్వారం కాదక్కా. గోడ కూలింది."

"నేను ఏడాదిగా ద్వారాల్లోనే బతికాను. ద్వారం చూస్తే గుర్తుపట్టలేనా? ఎవరైనా గడ్డపార వేశారా? సుత్తి వేశారా? దానంతటది తెరుచుకుంది. ఆ మహానుభావుడు నాగలి ఎత్తడం మరిచిపోయిన చోటు ఇదే అయ్యుంటుంది. కూలిందంటావూ, ఒక ప్రాణం తియ్యాలి, ఆ తరవాత నేను మళ్ళీ ఆ గంపెక్కాలి. తెరుచుకుందంటావూ, ఎవరూ చావక్కర్లేదు. నగరపెద్దవి, నువ్వే చెప్పు."

వెల్తూర్ అక్కని చూశాడు, గంపలో సెత్రేని చూశాడు. "తెరుచుకుంది" అన్నాడు. తరవాత ఇంకా గట్టిగా, లోయంతా వినపడేలా, "తెరుచుకుంది! మా ఊరికీ ద్వారం ఉంది!" అన్నాడు. అవతలనుంచి ఎవడో అలవాటు కొద్దీ, "ఒక్కటేనా!" అని అరిచాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళు రెండువైపులా పకపకా నవ్వారు.

కాని కైలే నవ్వలేదు. పొద్దు కొండమీద ఆనుకుంది. "ద్వారం మీ ఇష్టం. నా తమ్ముణ్ణి నాకు ఇవ్వాలి" అని వచ్చి, గంప చెవి పట్టుకుని లాగాడు. కదల్లేదు. ఎద్దుల్ని కట్టించాడు. ఎద్దులు కాళ్ళు తన్నిపెట్టాయి గాని సెత్రే అక్కడే ఉన్నాడు. కైలే చెమట తుడుచుకుని తమ్ముడి పక్కన రాయిమీద చతికిలబడ్డాడు.

"వెళ్ళేటప్పుడు నువ్వు తేలిపోతూ వెళ్ళావు. గాలి అనుకున్నాను. అందరికీ గాలి అనే చెప్పాను" అన్నాడు. గంప అంచు తడిమి, "ఇక్కడ అంత బాగుందిరా?" అన్నాడు.

"బాగుంది అన్నయ్యా."

"ఇంట్లో నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. తిన్నావా అని కూడా అడగలేదు." అన్నాడు కైలే.

సెత్రే చంకలో మూటలోంచి పొద్దుటి రొట్టె తీసి సగం విరిచి ఇచ్చాడు. కైలే తిన్నాడు. నములుతూ నములుతూ ఆగి, రొట్టెని తిప్పి చూశాడు. మిగతా సగం కూడా తీసుకున్నాడు.

"ద్వారంలో ఉన్నవాడు లోపలా కాదు, బయటా కాదు. అంటే మీరు అప్పగించినట్టే, నేను తీసుకున్నట్టే" అన్నాడు లేచి, వెల్తూర్‌తో. "ఇక్కడే ఒక పొయ్యి కట్టించండి. రెండు ఊళ్ళూ తింటాయి."

"గాలి రాకుండా ఒక తలుపు పెట్టించాలి" అన్నాడు సెత్రే ఆత్రంగా. ఉండొచ్చన్న మాట చెవిన పడిందో లేదో, అతను గంపలోంచి సునాయాసంగా లేచి నిలబడ్డాడు.

జనం తోపు వైపు పోయారు. ఆ ఏడాది మొదటిసారి ఎవరూ ఎవరినీ కొట్టకుండా పళ్ళు కోస్తున్నారు. తిట్టుకోవడం మాత్రం ఉంది, అది లేకపోతే వాళ్ళకి పళ్ళు రుచించవు. రాంతా ఇంకా గోడమీదే ఉంది. కొసన ఏమీ లేని మోకుని చుట్టలు చుడుతోంది.

"దిగిరా" అని పిలిచాడు సెత్రే కిందనుంచి.

"గిలక ఎవరు చూస్తారు?"

"ఏ గిలక?"

ఆమె చుట్టూ చూసింది. గిలక రాళ్ళమధ్య విరిగి పడి ఉంది. మోకు కింద పెట్టి, మెట్లు దిగి, వీధి దాటి, ఆ ఖాళీ దగ్గరికి వచ్చి ఆగింది. గోడ ఉండే గీత దగ్గర కాలి బొటనవేలు పెట్టి, వెనక్కి తీసుకుంది. ఎందరినో దింపింది గాని, తను ఎలా వెళ్ళాలో ఆమెకి తెలియలేదు. లోపల రాయిమీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్న లార్తియా, "నడవాలే పిల్లా. ఒక కాలు, తరవాత ఇంకో కాలు" అంది.

రాంతా నడిచింది. తెల్ల దుమ్ములో అప్పటికే వెల్తూర్ అడుగులు, కైలే అడుగులు, ఎద్దుల గిట్టలు అన్నీ కలగాపులగంగా పడి ఉన్నాయి. ఆమె నడిచినచోట దుమ్ము చెదరలేదు.

తోపు అంచున మొదటి చెట్టు దగ్గర ఆగింది. చేతికందే పళ్ళు జనం కోసేశారు. పైకొమ్మన ఒకటి ఉంది, తేనెటీగ వాలి లేచిపోయిన పండు. రాంతా మునివేళ్ళమీద లేచింది. ఇంకా పైకి లేచింది. మడమలు, వేళ్ళు, అన్నీ నేలని వదిలేశాయి. పండు తెంపి, అక్కడే కొరికింది. అది ఎండకి వేడెక్కే ఉంది. తొడిమ దగ్గర పాలచుక్క ఆమె మణికట్టుమీదికి జారింది.

"ఎలా ఉంది?"

"నువ్వు చెప్పింది సగమే" అని, ఆమె ఇంకా పైకొమ్మకి చెయ్యి చాచింది.

సెత్రే కింద నిలబడి, కాళ్ళు తన్నిపెట్టి, ఆమె శాలువా కొస రెండు చేతులా పట్టుకున్నాడు. గోడ దుమ్ము ముక్కులోకి పోయి తుమ్ము రాబోయింది. ఆపుకున్నాడు.